బంతి తన్నువారు, ఓటు వేయువారు

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు బాటమీద ఎల్లారెడ్డిపేట కలదు. పేరు సగము కలియుటచే దీనిని కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డిగా పొరపడువారు ఇప్పటికిని ఉన్నారు. చిరకాలము కరీంనగరము జిల్లాలో ఉండి, 2016లో జిల్లాలను విడదీసినపుడు సిరిసిల్ల వైపు చేరిన మండల కేంద్రమిది. మరమగ్గముల చప్పుడుకు పేరుపొందిన సిరిసిల్లయే దీనికి జిల్లా కేంద్రము.

ఇటువంటి పేటలో బడి విడిచిన పిమ్మట పిల్లలు రెండు జట్లుగా చీలి బంతి తన్నుటకు పూనుకొన్నచో, ముందుగా జరుగునది ఎన్నికయే. నాయకుడెవరని చేతులెత్తుదురు. బంతి తెచ్చినవాడు తానే నాయకుడనని పట్టుబట్టును. కాదన్నచో బంతి చంక నిడుకొని ఇంటిదారి పట్టును. పిల్లలు వానిని బతిమాలుటయు, ఒక్కొక్కనాడు లొంగుటయు కలదు. అయినను ఆ ఎన్నికలో ఒక సుగుణమున్నది. ఓటు వేయువారందరును ఆడువారే.

ఆ మైదానము దాటి ఒక్క అడుగు ముందుకు వేసినచో ఈ సుగుణము మాయమగును. పల్లె పిల్లవానికి ఫుట్‌బాల్‌లో పైకి పోవుటకు రెండు దారులున్నవి. మొదటిది బడి దారి. వ్యాయామోపాధ్యాయుడు జట్టును కట్టి మండలమునకు, జిల్లాకు, రాష్ట్రమునకు కొనిపోవును. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడా సమాఖ్య ఆ దారి చివర నున్నది. రెండవది సంఘముల దారి. జిల్లా సంఘము, దానిపై రాష్ట్ర సంఘము, దానిపై 1937లో స్థాపితమైన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అన్నిటిపైన 1904లో పారిస్‌లో పుట్టిన ఫీఫా. క్రింది మెట్టువారు పై మెట్టువారి నెన్నుకొందురు. ఈ మెట్లలో ఎక్కడను పదునాలుగేండ్ల బాలునికి ఓటు లేదు. ఉండవలెనని ఎవరును కోరరు కూడ. వానికి బదులుగా ఓటు వేయు పెద్దమనిషి ఎవరు, ఆయన ఎవరికి జవాబుదారి అనునదే చిక్కు ప్రశ్న.

2022లో ఆ చిక్కు దేశమంతటికిని తెలియవచ్చినది. సమాఖ్య అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ మూడవ పదవీకాలము 2020 డిసెంబరులోనే ముగిసినను, నియమావళి వివాదము కోర్టులో నుండుటచే ఎన్నిక జరుగలేదు. 2022 మే 18న సుప్రీంకోర్టు పాత కార్యవర్గమును తొలగించి ముగ్గురితో ఒక పాలకుల సంఘమును నియమించెను. విశ్రాంత న్యాయమూర్తి అనిల్ దవే, దేశపు మాజీ ప్రధాన ఎన్నికల అధికారి ఖురేషీ, పూర్వపు ఆటగాడు భాస్కర్ గంగూలీ అందలివారు. కోటానుకోట్ల ఓటర్ల ఎన్నికను నడిపిన చేతికి నూరుమందియైన లేని ఓటర్ల ఎన్నిక అప్పగింపబడెను. అది సులువు కాదని మూడు నెలలలో తేలిపోయెను.

ఆగస్టు మొదట కోర్టు ఒక క్రొత్త ఏర్పాటు చేసెను. రాష్ట్ర సంఘముల ప్రతినిధులు 36 మందితో బాటు పేరుగల పూర్వపు ఆటగాండ్రు 36 మందికిని ఓటు ఇయ్యవలెనని దాని సారాంశము. వారిలో 12 మంది స్త్రీలు. ఆడినవారికి ఓటు వచ్చుట ఎవరికి ముచ్చట కాదు? కాని ఫీఫా అందుకు సమ్మతింపలేదు. సభ్యసంఘములే సమాఖ్య యని దాని సిద్ధాంతము. బయటివారి ప్రాబల్యము మితిమీరినదని చెప్పి, ఆగస్టు 15న భారత సమాఖ్య సభ్యత్వమును నిలిపివేసెను.

ఆ వేటు పడినది కుర్చీలమీద కాదు. అక్టోబరులో పదునేడేండ్లలోపు బాలికల ప్రపంచ కప్పు మన దేశమున జరుగవలసి యుండెను. నెలల తరబడి ఇల్లువిడిచి సాధన చేయుచున్న బాలికలు ఆ ఉదయము లేచునప్పటికి వారి పోటీ వారి దేశమున లేదు. ఆసియా క్లబ్బుల పోటీకై తాష్కెంటు చేరియున్న గోకులం కేరళ మహిళల జట్టు మైదానములో అడుగు పెట్టకయే తిరిగిరావలసి వచ్చెను. ఆ బాలికలలో గాని ఆ మహిళలలో గాని ఎవరును నియమావళి వ్రాసినవారు కారు, ఉల్లంఘించినవారును కారు.

పదునొకండు దినములకు చిక్కు విడిపోయెను. కోర్టు ఆగస్టు 22న పాలకుల సంఘమును రద్దు చేసి, రాష్ట్ర సంఘముల ఓట్లతోనే ఎన్నిక జరుపుమనెను. ఆటగాండ్రకు కార్యవర్గములో ఆరు స్థానములు మిగిలినవి. ఫీఫా 26న వేటును ఎత్తివేసెను. సెప్టెంబరు 2న జరిగిన ఎన్నికలో మాజీ గోల్‌కీపరు కల్యాణ్ చౌబే 33 ఓట్లతో గెలిచెను. దేశమునకు నాయకత్వము వహించి ఇంటింట పేరెరిగిన బైచుంగ్ భూటియాకు వచ్చినది ఒక్క ఓటు. నామపత్రముపై ప్రతిపాదించువాడొకడు, బలపరచువాడొకడు ఉండవలెను గదా. ఆ ఇద్దరిలో ఒకని చేయి పెట్టెవద్ద వణికినదో ఏమో! పిల్లల చేతులెత్తు ఎన్నికలో ఇట్టి వింత జరుగదు. ఎవడు మాట తప్పెనో అందరికిని కనబడును.

అక్టోబరు 11న భువనేశ్వర్‌లో బాలికలు ఆడిరి. అమెరికాపై ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిరి. మొరాకోపై మూడు, బ్రెజిల్‌పై అయిదు. తాము ఒక్క గోలును చేయలేకపోయిరి. అయినను తమ మైదానములో ఓడిపోవు హక్కైనను వారికి దక్కినది.

సంఘములన్నియు ఇట్టివే యనుట న్యాయము కాదు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు 1943లో కార్యదర్శిగా ఎన్నికైన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠము చెప్పినవాడు. పిల్లలకు ఎడమకాలు కుదురుటకు బలహీనమైన కాలితోనే ఆడు పోటీలు, బంతిని కాలివద్ద దాచుకొనకుండుటకు డ్రిబ్లింగు లేని పోటీలు ఆయన ఏర్పరచెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుట, 1951, 1962 ఆసియా క్రీడలలో భారతమునకు స్వర్ణము, 1956 మెల్బోర్న్‌లో నాలుగవ స్థానము ఆయన శిక్షణ ఫలములే. కార్యదర్శి పదవిని ఆయన 1963లో కన్నుమూయువరకు, ఇరువదియేండ్లు, విడువలేదు.

ఇక్కడనే ఒక తిరకాసు. నేటి క్రీడా నియమముల ప్రకారము రహీం అంతకాలము ఆ కుర్చీలో ఉండుటకు వీలులేదు. ప్రియరంజన్ దాస్‌మున్షీయు 1988 నుండి 2008 వరకు, సరిగా ఇరువదియేండ్లే, అఖిల భారత సమాఖ్యకు అధ్యక్షుడు. ఏండ్లు సమానమే, చేసిన పని సమానము కాదు. గడువు విధించు నియమము మంచివానిని చెడ్డవానిని ఒక్క గాటనే కట్టును. అయినను అది ఉండవలసినదే. ఎందుకన, రహీం వంటివాడు వచ్చునని నమ్మి కుర్చీని శాశ్వతము చేసితిమేని, దానిలో కూర్చుండువాడు ఎల్లప్పుడును రహీం కాడు.

సమాఖ్య నియమావళిని తుదకు సరిదిద్దు పని 2023లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు చేతికి వచ్చెను. ఆయన తెలుగువాడు. ఆయన సిద్ధపరచిన ముసాయిదాను, మరియొక తెలుగు న్యాయమూర్తి పి.యస్. నరసింహ ఉన్న ధర్మాసనము 2025 సెప్టెంబరు 19న కొన్ని మార్పులతో ఆమోదించెను. అక్టోబరు 30 లోపల నియమావళిని స్వీకరింపనిచో మరల వేటు తప్పదని ఫీఫా అప్పటికే హెచ్చరించియుండెను. అదే ఏడు ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టమును చేసినది. జాతీయ సమాఖ్యల కార్యవర్గములో పదునైదుగురికి మించరాదనియు, అందు ఇద్దరైనను పేరుగల ఆటగాండ్రు, నలుగురైనను స్త్రీలు ఉండవలెననియు అది విధించినది.

ఢిల్లీలో వ్రాసిన నియమము జిల్లా మెట్టుకు దిగివచ్చుటకు కాలము పట్టును. దిగివచ్చినదో లేదో తెలిసికొనుటకు కోర్టు అక్కరలేదు. పిల్లలను పోటీలకు కొనిపోవు పంతులు జిల్లా సంఘమును మూడు మాటలు అడిగిన చాలును. ఓటర్ల పట్టిక ఏది? సర్వసభ్య సమావేశము కడపట ఎన్నడు జరిగినది? లెక్కలు ఎవరు చూచిరి?