గంధక నిర్మూలనలో గణిత నమూనా

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు అంటారు. అయితే ఆ పాత్ర మూత తీయడానికి వీలులేనిదై, అందులో పైమెతుకు ఒక రీతిగా, అడుగుమెతుకు మరొక రీతిగా ఉడుకుతూ ఉంటే ఏమి చేయాలి? చమురుశుద్ధి కర్మాగారాలలో డీజిల్ నుంచి గంధకాన్ని తొలగించే రియాక్టర్ అటువంటి పాత్రయే. దాని లోపలి సంగతిని బయటినుంచే గ్రహించడానికి శాస్త్రజ్ఞులు గణితాన్ని ఆశ్రయించారు.

గంధకం ముడిచమురుతోపాటే భూగర్భం నుంచి వస్తుంది. దానిని తీయకుండా ఇంధనాన్ని మండిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది శ్వాసకోశాలకు హాని చేస్తుంది. గాలిలోని తేమతో కలిసి ఆమ్లవర్షమై కురుస్తుంది. అందువల్ల మనదేశంలో డీజిల్‌లో ఉండదగిన గంధకాన్ని క్రమంగా తగ్గిస్తూ వచ్చారు. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా పది లక్షల భాగాలకు 50 భాగాలుగా ఉన్న హద్దు, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలతో 10 భాగాలకు దిగింది. 1957లో ఆరంభమైన విశాఖపట్నం కర్మాగారం వంటి పాతవి కూడా ఈ ప్రమాణాన్ని అందుకోవలసి వచ్చింది.

ఈ రియాక్టర్ నిలువుగా నిలిచిన ఉక్కు స్తంభం. దాని లోపల కోబాల్ట్, మాలిబ్డినం పూసిన సన్నని అల్యూమినా గుళికలు పొరలుగా పేర్చి ఉంటాయి. ఇవే ఉత్ప్రేరకం. పైనుంచి డీజిల్, హైడ్రోజన్ కలిసి ప్రవేశిస్తాయి. ధారాపాత్ర నుంచి శివలింగంపై జాలువారే నీటివలె చమురు ఆ గుళికలను తడుపుతూ పలుచగా జారుతుంది. వాయువు, ద్రవం, ఘనం అనే మూడు ప్రావస్థలు ఒకేచోట ఉండడం వల్ల దీనిని బహుప్రావస్థ రియాక్టర్ అంటారు. సుమారు 350 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అధిక పీడనంలో గంధకం హైడ్రోజన్‌తో కూడి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి చమురును విడిచిపోతుంది. గంధం అంటే వాసన. గంధకానికి ఆ పేరు ఎంత తగినదో కుళ్ళిన కోడిగుడ్డును తలపించే ఈ వాయువు తెలియజేస్తుంది.

ఇక్కడ హైడ్రోజన్ ప్రయాణం సులభమైనది కాదు. అది మొదట చమురులో కరగాలి. ఆ పొరను దాటి గుళికను చేరాలి. గుళికలోని సూక్ష్మరంధ్రాలలోకి విసరణ చెందాలి. ప్రతి అడుగుకూ ఒక వేగముంది. గణిత నమూనా రియాక్టర్‌ను అతి పలుచని బిళ్ళలుగా ఊహించి, ఒక్కొక్క బిళ్ళకు ఇంటిపద్దు వంటి లెక్క వేస్తుంది: వచ్చిన దానిలోనుంచి పోయినది తీసివేస్తే మిగిలేది చర్యలో ఖర్చయినది. ఈ పద్దును ప్రతి పదార్థానికీ, ప్రతి ప్రావస్థలోనూ రాస్తే అవకలన సమీకరణాలు ఏర్పడతాయి. మీరు గణిత తరగతిలో నేర్చే అవకలనమే ఇక్కడ పనికి వస్తున్నది. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న ఆ సమీకరణాలను కంప్యూటర్ సాధిస్తుంది.

కార్‌స్టెన్, హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1996లో ఇటువంటి నమూనాను ప్రకటించి, ప్రయోగ ఫలితాలతో సరిచూశారు. చర్యలో పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడే ఆ చర్యకు అడ్డు తగులుతుందని వారి నమూనా లెక్కలోకి తీసుకున్నది. చిన్న ప్రయోగ రియాక్టర్లు పెద్దవాటికంటె తక్కువ ఫలితమివ్వడానికి గుళికలు పూర్తిగా తడవకపోవడం కారణం కావచ్చునని కూడా వారు చూపారు.

తడవకపోవడం చిన్న లోపమని తోచవచ్చు. లెక్క వేసి చూడండి. నూటికి ఒక వంతు గంధకం ఉన్న చమురు అంటే పది లక్షల భాగాలకు 10,000 భాగాల గంధకం. అందులో నూరు చుక్కలకు ఒక చుక్క ఉత్ప్రేరకాన్ని తాకకుండా జారిపోయిందనుకుందాం. మిగిలిన తొంభైతొమ్మిదీ పూర్తిగా శుద్ధమైనా, ఆ ఒక్క చుక్క వల్ల 100 భాగాల గంధకం మిగులుతుంది. ఇది నేటి హద్దుకు పదిరెట్లు! వెయ్యి చుక్కలలో ఒక్కటి దారితప్పినా హద్దు నిండిపోతుంది. ఒకప్పుడు పట్టించుకోనక్కరలేని విషయం నేడు నిర్ణాయకమయింది. అందుచేతనే చమురును గుళికలపై సమంగా పరచే పళ్ళేల రూపకల్పనకు అంత శ్రద్ధ వహిస్తారు.

నమూనాకు కూడా విశ్రాంతి లేదు. కాలక్రమంలో గుళికలపై మసి వంటి కర్బనం పేరుకొని ఉత్ప్రేరకం శక్తి సన్నగిల్లుతుంది. దానికి పరిహారంగా ఇంజనీర్లు ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. రియాక్టర్ నుంచి వచ్చే కొలతలతో నమూనాలోని స్థిరాంకాలను సవరిస్తూ, ఉత్ప్రేరకాన్ని మార్చవలసిన సమయం ఎప్పుడు వస్తుందో ముందుగానే అంచనా కడతారు.