డీజిల్ బండికి పెట్రోలు పోస్తే?

సైన్సు చదివేవాడికి అన్నీ తెలుసని మా ఊళ్ళో ఒక నమ్మకం. నాకూ ఉండేది. మొన్నటి దసరా సెలవుల్లో అది కాస్తా పోయింది.

మా బావ పాత డీజిల్ కారొకటి కొని కిరాయిలకు తిప్పుతున్నాడు. అక్కావాళ్ళ ఇల్లు గడిచేది దాని మీదే. ఓ రోజు ఆయిలు కొట్టించుకు రమ్మని నన్ను పంపాడు. బంకులో కుర్రాడితో "వెయ్యి రూపాయలకు కొట్టు" అన్నానే గాని, ఏది కొట్టాలో చెప్పలేదు. డబ్బులిస్తూ చూస్తే మీటరు పెట్రోలుది! "రెండూ ముడి చమురులోంచి వచ్చినవేగా, కలిసి మండుతాయిలే" అనుకుని తాళం తిప్పాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఇంజను టకటకా కొట్టుకుని ఆగిపోయింది.

ఇంతకీ లోపల జరిగిందేమిటి?

పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టను సుమారు పదో వంతుకు నొక్కుతుంది. అప్పుడు స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. రవ్వ పడేదాకా మండకుండా ఓర్చుకోవడమే మంచి పెట్రోలు లక్షణం. ఆక్టేన్ సంఖ్య చెప్పేది దీన్నే.

1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజనుకు ఆ రవ్వతో పనిలేదు. అందులో ఉత్త గాలినే పదిహేనో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కుతారు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మనకు తెలిసిందే. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. అందులో చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఓర్చుకునే గుణమున్న పెట్రోలు మాత్రం ఆలస్యంగా, ఒక్కసారిగా మండుతుంది. నేను విన్న టకటక అదే.

కాని అసలు నష్టం మంటలో లేదు, కందెనలో ఉంది. డీజిల్‌లో జిడ్డుంది. దాన్ని గొప్ప ఒత్తిడితో తోసే పంపు భాగాలకు ఆ జిడ్డే కందెన. పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. కందెన లేని బండి ఇరుసులా లోహం లోహాన్ని రాసుకుంటుంది. రాలిన రజను ఇంజెక్టర్ల సన్నని రంధ్రాల్లోకి చేరుతుంది.

పెట్రోలు కారులో డీజిల్ పోస్తే ప్లగ్గులు తడిసి, పొగ చిమ్మి బండి ఆగుతుంది. ట్యాంకు, గొట్టాలు, ప్లగ్గులు శుభ్రం చేయిస్తే చాలావరకు బాగవుతుంది.

"తాళం తిప్పకుండా తోసుకొచ్చుంటే ట్యాంకు కడిగి పంపేవాణ్ణి తమ్ముడూ" అన్నాడు మెకానిక్కు. తాళం తిప్పితేనే చాలా కార్లలో ట్యాంకులోని పంపు పనిచేయడం మొదలెడుతుందట. పంపు, ఇంజెక్టర్లు మార్చడానికి నలభై వేలయింది. వడ్లమ్మిన డబ్బులోంచి నాన్న ఇచ్చాడు. పది రోజులు కిరాయి పోయినా బావ పల్లెత్తు మాటనలేదు. నాకదే ఎక్కువ బాధ.

కనుక మిత్రులారా! బంకులో ఏది కావాలో నోరు తెరిచి చెప్పండి. పొరపాటు జరిగితే తాళం జోలికి పోకుండా బండిని పక్కకు తోయించండి. గొట్టం పెట్టి నోటితో పీల్చి తీయబోకండి. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. దాని ఆవిరి చిన్న రవ్వకే భగ్గుమంటుంది.

నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు: "పురుగు మందనుకుని కలుపు మందు నేనెప్పుడైనా పైరు మీద కొట్టానట్రా? కొట్టబోయే ముందు డబ్బా చూసుకుంటాం గదా!"

నా దగ్గర సమాధానం లేదు.