సిలిండరును చెక్కబోవు ముందు

ఆళ్లగడ్డలో శిల్పులు పని చేయుచుండగా చూచినవారికి ఒక సంగతి తెలియును: ఉలి తీసివేసిన రాయి మరల అతుకదు. ఇంటివద్దనే టూ స్ట్రోకు సిలిండరునకు ఆకురాయి పట్టువారును ఈ సంగతిని మొదట తలచుకొనవలెను.

మా యెరుకలోని ఆళ్లగడ్డ యువకుడొకడు తన పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి ఎగ్జాస్టు ద్వారపు పై అంచును రెండు మిల్లీమీటర్లు అరగదీసినాడు. నంద్యాల దారిలో బండి పరుగే పరుగు! తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని ఎగువ అహోబిలమునకు పోవునపుడు మాత్రము ఎక్కుడులో నిలిచిపోయినది. ఆమె దిగి నడువవలసి వచ్చినది. ఆ సిలిండరును మేము చూచితిమి. పనితనమున లోపము లేదు, లెక్కలోనే ఉన్నది.

ఈ ఇంజనులో ఎగ్జాస్టునకు వేరుగా వాల్వు ఉండదు. సిలిండరు గోడలోని ద్వారములను పిస్టనే మూయుచు తెరచుచుండును. అది దిగునపుడు మొదట ఎగ్జాస్టు ద్వారము తెరచుకొని కాలిన వాయువు పోవును; పిమ్మట వేరు ద్వారముల గుండ క్రొత్త మిశ్రమము వచ్చును. 1985 మొదలు 1996 వరకు తయారైన ఈ బండికి బోరు 50, స్ట్రోకు 50 మిల్లీమీటర్లు. ఎగ్జాస్టు అంచు ఒక్క మిల్లీమీటరు లేచినచో ద్వారము తెరచియుండు వ్యవధి, క్రాంకు చుట్టులో, సుమారు నాలుగున్నర డిగ్రీలు పెరుగును. వేగముగా తిరుగునపుడు ఇది మేలే. మెల్లగా తిరుగునపుడో, పిస్టనును ఇంకను నెట్టవలసిన ఒత్తిడి ముందే బయటికి జారిపోవును. కొండ ఎక్కించునది ఆ ఒత్తిడియే.

1961 నాటికి తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ ఎం.జెడ్. పందెపు ఇంజనులలో లీటరునకు 200 అశ్వశక్తి రాబట్టెను. అయితే ఆయన ద్వారములతో పాటు పొగ గొట్టమును కూడ లెక్కగట్టి మలచెను. ఆ బండ్లపై తల్లులు కూర్చుండలేదు.

ద్వారమును వెడల్పు చేయుట మరింత అపాయము. రింగు అందులోనికి ఉబ్బి, అంచునకు తగులుకొని విరుగును. రింగు కొనలు కలియు చోటు ద్వారము మీదుగా పోనేరాదు.

ఇంత విన్నను మానలేనివారు బోరు లోపల కాగితము చుట్టి వ్రేలితో నొక్కుడు. అంచులు దానిపై అచ్చుపడును. పిమ్మట సిలిండరు అడుగున మందపు ప్యాకింగు వేసి నడిపి చూడుడు. ద్వారములన్నియు కొంచెము లేచును. కంప్రెషను తగ్గును గాని, నచ్చనిచో ప్యాకింగు తీసివేయవచ్చును. ఆకురాయి పట్టినచో అంచులను ఎమరీ కాగితముతో గుండ్రముగా నునుపు చేసి, ఇనుప రజను పోవువరకు కిరోసినుతో కడుగుడు. తయారీదారుని వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను చెప్పుచున్నది. కావున ఈ ప్రయోగము మూలనున్న ఇంజనుకే తగును.

ఆ యువకుడు మరొక సిలిండరునకై నంద్యాలలో పాత ఇనుము దుకాణములన్నియు తిరిగెను. ఒకటి దొరికినది, దాని బోరు అరిగియున్నది.