డాక్టరు గదిలో ‘బాగున్నాను’ అనకండి

గుడి తరగతిలో మొదటి పాఠం మీకు గుర్తుండే ఉంటుంది. “ఎలా ఉన్నారు?” అని అడుగుతాం. “బాగున్నాను” అని జవాబు చెప్తాం. జ్వరంతో వచ్చిన పిల్ల కూడా అదే చెప్తుంది. అది మన మర్యాద. కానీ ఒక గదిలో ఆ మర్యాద మనకే నష్టం చేస్తుంది. డిసెబిలిటీ గ్రాంటు కోసం పరీక్ష చేసే డాక్టరు గది అది.

మన దక్షిణాఫ్రికాలో 2006 నుంచి గ్రాంట్ల పని సాస్సా సంస్థ చూస్తోంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉన్నవారు జబ్బు వల్ల గానీ, వైకల్యం వల్ల గానీ పని చేసి బతకలేకపోతే ఈ గ్రాంటు అడగవచ్చు. ఆదాయం, ఆస్తి కూడా లెక్క చూస్తారు. 60 ఏళ్లు నిండితే ఇది వృద్ధుల గ్రాంటుగా మారుతుంది.

ఇక్కడ రెండు మాటలు వేరుగా నేర్చుకోండి. జబ్బు అంటే ఒంట్లో ఉన్న బాధ. అశక్తత అంటే ఆ బాధ వల్ల పని చేయలేకపోవడం. 2004 నాటి సామాజిక సహాయ చట్టం అడిగేది రెండోదాన్ని. షుగరు ఉందని చెప్తే చాలదు. షుగరు వల్ల మీరు ఏ పని చేయలేకపోతున్నారో చెప్పాలి.

ఈ సంగతి చూసే డాక్టరును పెట్టేది సాస్సానే. ఆయన మీ కుటుంబ డాక్టరు కాదు. మందు రాయడానికి కూర్చోలేదు. మిమ్మల్ని చూసి, మీ కాగితాలు చదివి, తన అభిప్రాయం రాస్తారు. నిర్ణయం సాస్సాది. ఈ పరీక్షకు మీరు డబ్బు కట్టనక్కరలేదు.

డాక్టరుకు ఒళ్లు తెలుస్తుంది. మీ పని తెలుస్తుందా? ఈ ప్రశ్న మన దేశంలో ఇంతకు ముందే వచ్చింది. 2001లో నిబంధనలు మార్చి, డాక్టరు ఒక్కరే కాకుండా నర్సు, సోషల్ వర్కరు, ఊరివాళ్లు కూడా కూర్చునే బృందాలకు వీలు కల్పించారు. తర్వాత ఆ పని మళ్లీ డాక్టరు చేతికే వచ్చింది. కాబట్టి మీ పని గురించి చెప్పాల్సింది మీరే.

డర్బన్ బట్టల ఫ్యాక్టరీలో 20 ఏళ్లు మిషను కుట్టిన ఒక అక్కను ఊహించుకోండి. “నడుం నొప్పి, ఫర్వాలేదు లెండి” అంటే డాక్టరు ఏం రాయగలరు? అదే అక్క, “పావుగంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది. నీళ్ల బకెట్టు ఎత్తలేను. టాక్సీ ఎక్కాలంటే ఒకరు పట్టుకోవాలి” అంటే ఆ బతుకు కళ్లకు కడుతుంది. లేనిది కల్పించమని నేను చెప్పడం లేదు. ఉన్నది దాచవద్దు అంటున్నాను.

వెళ్లేటప్పుడు క్లినిక్ కార్డు, ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, వేసుకునే మందులు తీసుకెళ్లండి. దరఖాస్తు నాటికి వైద్య నివేదిక 3 నెలలకు మించి పాతది కాకూడదు. సరైన కారణం లేకుండా వైద్యం మానేస్తే గ్రాంటుకు అడ్డం వస్తుంది.

కొందరు పెద్దలు, “మనం ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు” అంటారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. 1860 నవంబరు 16న ట్రురో ఓడ 300 మందికి పైగా మనుషులతో మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడ జాబితాలో పేరు, వయసు, ఊరితో పాటు ఒంటి మీద గుర్తులు కూడా రాశారు. ఆ రోజుల్లో వచ్చినవాళ్ల చేతులు చెరకు తోటకు పనికొస్తాయా అన్నదే లెక్క. ఆ చేతులు అలిసిపోతే ఏమిటన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. తర్వాత గ్రాంట్లు వచ్చినా, జాతిని బట్టి డబ్బు వేరుగా ఉండేది. 1993లో గానీ అందరికీ సమానం కాలేదు. ఇది భిక్ష కాదు, హక్కు.

గ్రాంటు రెండు రకాలు. అశక్తత 6 నుంచి 12 నెలలు ఉంటుందనుకుంటే తాత్కాలిక గ్రాంటు. ఏడాదికి మించి ఉంటుందనుకుంటే శాశ్వత గ్రాంటు. తాత్కాలిక గ్రాంటు గడువు తీరగానే ఆగిపోతుంది. జబ్బు తగ్గకపోయినా సరే, మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీ మరిచిపోతే ఇంటి అద్దె, సరుకులు రెండూ ఆగుతాయి. క్యాలెండరులో రాసుకోండి.

కాదన్నారా? కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. 90 రోజుల్లోపు అప్పీలు చేయవచ్చు. అప్పీలు వినే స్వతంత్ర ట్రిబ్యునల్‌లో ఒక లాయరు, ఒక డాక్టరు, ప్రజల తరఫున ఒకరు ఉంటారు.

ఇక ఇంటిపని. మీ ఇంట్లో ఎవరికైనా పరీక్ష తేదీ వచ్చిందా? వాళ్ల పక్కన కూర్చోండి. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా చేయలేని పనులు అడిగి రాయండి. మన తెలుగులో ఇది తేలిక. క్రియ చివర ‘లేను’ చేర్చండి చాలు. వంగలేను. ఎత్తలేను. నిలబడలేను. గుండీ పెట్టుకోలేను. తర్వాత దాన్నే ఇంగ్లీషులో రాసి, ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి.