ట్యాబ్ ఉంటే ఇంట్లో కంప్యూటర్ అక్కర్లేదా?

2020 నవంబరులో యాపిల్ సంస్థ మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్‌ను ఎం1 అనే కొత్త ప్రాసెసర్‌తో విడుదల చేసి, ఆర్నెల్లు తిరిగేసరికి అదే ఎం1ను ఐప్యాడ్ ప్రో అనే ట్యాబ్లెట్‌లోనూ అమర్చింది. ప్రాసెసర్ అంటే యంత్రంలో లెక్కలన్నీ చేసే చిప్. అది రెండింటిలోనూ ఒక్కటే అయినప్పటికీ, ల్యాప్‌టాప్ మీద సునాయాసంగా నడిచే ప్రోగ్రాములు ఎన్నో ట్యాబ్ మీద నడవలేదు. ఐప్యాడ్‌లో వాడుకునే యాప్‌లను తయారుచేయడానికి యాపిల్ స్వయంగా ఇచ్చే ఎక్స్‌కోడ్ అనే సాధనం సైతం ఐప్యాడ్ మీద నడవదు, దానికి మ్యాక్ కంప్యూటర్ ఉండి తీరాలి. రోజువారీ పనులకు ట్యాబ్ ఉంటే చాలునా, కంప్యూటర్ కూడా కావాలా అన్న ప్రశ్నకు యంత్రం వేగంలోనూ, జ్ఞాపకశక్తిలోనూ జవాబు వెతికేవారు పొరబడేది ఇక్కడే. యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ దేనికి ఒప్పుకుంటుంది, దేనికి ఒప్పుకోదు అన్న నియమం మీదనే ఈ జవాబు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కంప్యూటర్లలో వాడే విండోస్, మ్యాక్, లినక్స్ వంటి వ్యవస్థలకు ఫైలు కేంద్రం. ఒక ఉత్తరమో, జమాఖర్చుల పట్టికో, ఫొటోనో ఒక ఫోల్డర్‌లో స్వతంత్రంగా ఉంటుంది. దానిని తగిన ప్రోగ్రాము దేనితోనైనా తెరవవచ్చు, ఒకటి తయారుచేసిన దానిని మరొకదానితో దిద్దవచ్చు, నాలుగైదు విండోలను తెర మీద పరుచుకొని ఒకదాని నుంచి మరొకదానికి సమాచారాన్ని చేరవేయవచ్చు. ట్యాబ్‌లలోని ఆండ్రాయిడ్, ఐప్యాడ్ ఓఎస్ మాత్రం ఫోన్ల కోసం రూపొందిన వ్యవస్థల నుంచి వచ్చినవి కాబట్టి వాటిలో యాప్‌దే పెత్తనం. ప్రతి యాప్ చుట్టూ వ్యవస్థ ఒక హద్దు గీస్తుంది, దానినే నిపుణులు శాండ్‌బాక్స్ అంటారు. ఒక యాప్ తన హద్దు దాటి మరోదాని సమాచారాన్ని ముట్టుకోవాలంటే అనుమతి కావాలి, తెర మీద కనిపించని యాప్‌ను వ్యవస్థ తన ఇష్టానుసారం ఆపివేయవచ్చు. ఈ కట్టుబాటు వల్లనే ట్యాబ్‌లో వైరస్‌ల బెడద తక్కువగా ఉంటుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, ఎన్నడూ కంప్యూటర్ ముట్టనివారు సైతం భయం లేకుండా దానిని వాడగలుగుతారు. ఇదే కట్టుబాటు వల్ల మూడు చోట్ల ఉన్న సమాచారాన్ని తెచ్చి ఒకచోట కూర్చవలసిన పని ట్యాబ్‌లో ప్రయాసగా మారుతుంది. సౌకర్యమూ, ఇబ్బందీ ఒకే మూలం నుంచి వచ్చినవి కాబట్టి ఒకదానిని ఉంచుకొని రెండోదానిని వదిలించుకోవడం తయారీదారులకు ఇంతకాలంగా పూర్తిగా సాధ్యపడలేదు.

పలక ఆకారంలో కంప్యూటర్ ఉండాలన్న ఆలోచన ఐప్యాడ్‌తో పుట్టినది కాదు. అమెరికా శాస్త్రవేత్త అలన్ కే 1972లో జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తుండగా డైనాబుక్ అనే పేరుతో పిల్లలు చేత పట్టుకొని తిరగగల కంప్యూటర్‌ను ఊహించి దాని గురించి వివరంగా రాశారు. ఆ ఊహలో పిల్లలు పాఠాలు చూస్తూ కూర్చోరు, తమకు కావలసిన ప్రోగ్రాములను తామే రాసుకుంటారు. 2001లో మైక్రోసాఫ్ట్ అధినేత బిల్ గేట్స్ మరో ఐదేళ్లలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే కంప్యూటర్ రూపం ట్యాబ్లెట్టేనని జోస్యం చెప్పగా, మరుసటి ఏడాది విండోస్ ఎక్స్‌పీకి ట్యాబ్లెట్ కూర్పు వచ్చింది. మౌస్ కోసం రూపొందిన చిన్న చిన్న బొమ్మలను పెన్నుతో పొడవవలసి రావడం, ధర, బరువు అన్నీ కలిసి ఆ జోస్యాన్ని వమ్ము చేశాయి.

2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చిన ఐప్యాడ్ దీనికి ఎదురు దారి పట్టి, కంప్యూటర్‌ను కుదించే బదులు ఫోన్‌ను పెద్దది చేసింది. ఆ ఏడాది జూన్‌లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక సదస్సులో మాట్లాడుతూ, అమెరికా వ్యవసాయ దేశంగా ఉన్నప్పుడు వాహనాలన్నీ ట్రక్కులేనని, పట్టణాలు పెరిగాక కార్లు వచ్చాయని, ఇక మీదట పీసీలు కూడా ట్రక్కుల మాదిరిగా కొద్దిమందికే అవసరమవుతాయని అన్నారు. ఆయన ఆ మాట అన్ననాటికి ఐప్యాడ్ కొన్నవారు దానిని వాడుకలోకి తెచ్చుకోవాలంటే ముందుగా ఐట్యూన్స్ అనే ప్రోగ్రాము ఉన్న కంప్యూటర్‌కు తగిలించక తప్పేది కాదు, ఆ అవసరం 2011 అక్టోబరులో ఐప్యాడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ 5 వచ్చాకనే తొలగింది. ఫైళ్లను ఒకచోట చూపే యాప్ 2017లోనూ, పెన్‌డ్రైవ్‌ను చదివే సౌలభ్యం 2019లోనూ, మౌస్‌ను సరిగా వాడుకునే వీలు 2020 మార్చిలోనూ, కంప్యూటర్‌లో మాదిరిగా విండోలను ఇష్టం వచ్చిన కొలతకు మార్చి పరుచుకునే వీలు 2025లోనూ వచ్చాయి. కూడికలు, తీసివేతలు చేసే కాలిక్యులేటర్ యాప్ సైతం ఐప్యాడ్‌కు 2024 దాకా దక్కలేదంటే కొందరికి నమ్మబుద్ధి కాదు. ఆండ్రాయిడ్ వైపు శామ్‌సంగ్ డెక్స్ అనే ఏర్పాటు ఇలాంటి ప్రయత్నమే. ట్యాబ్ ఎదిగిన చరిత్రంతా కంప్యూటర్ లక్షణాలను ఒక్కొక్కటిగా అరువు తెచ్చుకున్న చరిత్రేనని చెప్పడం అతిశయోక్తి కాదు.

అవతలి పక్షం కూడా ఈ దారిలో ఒకసారి బోర్లాపడింది. 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ ట్యాబ్ చూడటానికి విండోస్‌లాగే ఉన్నా పాత విండోస్ ప్రోగ్రాములేవీ అందులో నడవకపోవడంతో కొనేవారు కరవై, మరుసటి ఏడాది ఆ సంస్థ 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో రాసుకోవలసి వచ్చింది.

ఇంతకీ సగటు కుటుంబం రోజూ చేసే పనులేమిటని చూస్తే, వార్తలు చదవడం, వీడియోలు చూడటం, విదేశంలోని పిల్లలతో వీడియో కాల్ మాట్లాడటం, కరెంటు బిల్లు కట్టడం, రైలు టికెట్టు తీసుకోవడం, ఆన్‌లైన్ తరగతి వినడం, పీడీఎఫ్ పత్రాన్ని తెరిచి జిరాక్స్ సెంటర్‌కు వాట్సాప్‌లో పంపడం వంటివే ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో దేనికీ కంప్యూటర్ అక్కర్లేదు. నిజానికి వీటిలో చాలావాటికి ట్యాబ్ సైతం అక్కర్లేదు, ఫోన్ చాలు. ఫోన్ తెర మీద అక్షరాలు ఆనని పెద్దవారికి, గంటల తరబడి పాఠాలు వినవలసిన విద్యార్థికి, పుస్తకాలను తెర మీద చదివే అలవాటు ఉన్నవారికి 10, 11 అంగుళాల ట్యాబ్ మేలు చేస్తుంది. జీతం తప్ప వేరే ఆదాయం లేని ఉద్యోగి ఆదాయపు పన్ను రిటర్న్‌ను సైతం ట్యాబ్‌లోని బ్రౌజర్ ద్వారా నేరుగా పోర్టల్‌లోనే నింపి దాఖలు చేయవచ్చు.

తెలుగులో రాయవలసిన పని వచ్చినప్పుడు వ్యవహారం మరో మలుపు తిరుగుతుంది. చదవడం వరకు ట్యాబ్‌కు పెద్దగా లోటు లేదు, 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి సంబంధించిన ఒకానొక కోడ్ వరుస సందేశంలో కనిపిస్తే చాలు ఐఫోన్లు, ఐప్యాడ్‌లలో యాప్‌లు కుప్పకూలిన వింత ఒకటి జరిగినా, కొద్ది రోజుల్లోనే యాపిల్ దానిని సరిదిద్దింది. నాలుగు వాక్యాలు రాయడానికి, నోటితో చెబితే అక్షరాలుగా మార్చే వాయిస్ టైపింగ్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగుగా మారే కీబోర్డులు ఉన్నాయి. నలభై పేజీల రచనకు అవి చాలవు. తెర మీది కీబోర్డు సగం తెరను ఆక్రమించుకోవడమే కాక, వేలికి మీట తగిలిన స్పర్శ తెలియనందువల్ల చూపు కాగితం నుంచి మీటల మీదికి, మీటల నుంచి రాతలోకి తిరుగుతూనే ఉంటుంది.

అంతకన్నా చిక్కైనది అచ్చుపని. తెలుగు నాట శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు తయారుచేసే డీటీపీ కేంద్రాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లతో, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాముతో పని నడిపించాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 విడుదలైంది 2001లోనే, అయినా ఎన్నో చోట్ల దానిని వదిలిపెట్టలేదు. యూనికోడ్ అనేది ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ ప్రత్యేకమైన సంఖ్యను కేటాయించిన ప్రమాణం, అందులో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అను వంటి పాత ఫాంట్లు ఆ ప్రమాణాన్ని పాటించకుండా ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న సంఖ్యల మీదనే తెలుగు ఆకారాలను కూర్చాయి కాబట్టి, అలా టైపు చేసిన రాతను ఆ ఫాంటు లేని ట్యాబ్‌లో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. రచయిత ట్యాబ్‌లో యూనికోడ్‌లో రాసి పంపినా, డీటీపీ చేసేవారు దానిని అనులోకి మార్చుకొని మళ్లీ తప్పులు దిద్దవలసి వస్తుంది. ప్రచురణతో ఏ కాస్త సంబంధం ఉన్న ఇంట్లోనైనా విండోస్ కంప్యూటర్ అవసరం ఇంకా తీరిపోలేదు.

వ్యాపారుల సంగతి ఇంతకన్నా ఖరాఖండిగా చెప్పవచ్చు. దుకాణాల జమాఖర్చులకు ఎక్కువగా వాడే ట్యాలీ విండోస్ ప్రోగ్రాము. అందులోని నివేదికలను బ్రౌజర్‌లో చూసుకునే వీలుంది కాబట్టి యజమాని ట్యాబ్‌లో లెక్కలు చూసుకోగలడు, అయితే పద్దులు రాసే గుమాస్తాకు కంప్యూటర్ ఉండాలి. కంపెనీల వ్యవహారాల శాఖకు పత్రాలు సమర్పించడానికీ, ప్రభుత్వ ఈ-టెండర్లు వేయడానికీ డిజిటల్ సంతకం కావాలి. అది పెన్‌డ్రైవ్‌లాంటి యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, దానిని గుర్తించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ల కోసమే తయారవుతుంది. మూలంలో కోసిన పన్నుకు సంబంధించిన టీడీఎస్ రిటర్నులు తయారుచేసే ఉచిత ప్రభుత్వ సాధనం జావా మీద నడిచేది కాబట్టి దానిదీ ఇదే పరిస్థితి. ఎక్సెల్ ట్యాబ్‌లోనూ ఉంది కదా అనేవారు రెండు విషయాలు గమనించాలి. ఒకే మీటతో వరుసగా పది పనులు చేయించే మ్యాక్రోలు ట్యాబ్‌లోని ఎక్సెల్‌లో నడవవు, పైగా 10.1 అంగుళాలకు మించిన తెర ఉన్న ట్యాబ్‌లో ఫైళ్లను దిద్దాలంటే మైక్రోసాఫ్ట్‌కు చందా కట్టాలి. ఎక్కడో ఉన్న కంప్యూటర్‌ను అద్దెకు తీసుకొని ట్యాబ్ తెర మీద నడుపుకునే మార్గం ఉన్నప్పటికీ, అప్పుడు కంప్యూటర్ అవసరం పోయినట్టు కాదు, అది ఇంట్లోంచి మరో ఊరికి మారినట్టు.

విద్యార్థుల విషయంలో తెలుగు రాష్ట్రాలకు చెప్పుకోదగ్గ అనుభవమే ఉంది. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆర్భాటంగా ఆవిష్కరించిన ఆకాశ్ ట్యాబ్ కూర్పు హైదరాబాదులో జరిగింది. దాదాపు 50 డాలర్లకే తయారైన ఆ 7 అంగుళాల పరికరంలో ఉన్న ర్యామ్, అంటే పనిచేస్తున్నప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా దాచుకునే జ్ఞాపకశక్తి, 256 మెగాబైట్లు మాత్రమే కావడంతో, గట్టిగా నొక్కితేనే స్పందించే తెరతో అది విద్యార్థుల ఓపికకు పరీక్షగా మిగిలింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అవి ఆకాశ్‌తో పోల్చరానంత మెరుగైనవి, బైజూస్ సంస్థ పాఠాలు ముందుగానే నింపి ఇచ్చినవి. పాఠం వినడానికి, బొమ్మలతో అర్థం చేసుకోవడానికి ట్యాబ్‌ను మించిన సాధనం పల్లెటూరి బడికి దొరకడం కష్టమే. అయినా అలన్ కే ఊహించిన పిల్లవాడు, అంటే యంత్రం చేత తనకు కావలసిన పని చేయించే పిల్లవాడు, వీడియో పాఠాలతో తయారు కాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష 2018 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ మీదనే జరుగుతోంది. అక్కడ విద్యార్థి ముందు ఉండేది తాకే తెర కాదు, మౌస్. కాలేజీలో చేరాక సీ, జావా, పైథాన్ వంటి భాషల్లో ప్రోగ్రాములు రాయడానికి బ్రౌజర్ ద్వారా కొంత సాధన చేయవచ్చు గానీ, ల్యాబ్‌లో వాడే సాధనాలన్నిటినీ ట్యాబ్‌లో పెట్టుకోవడం కుదరదు.

ఖర్చు లెక్క వేసేవారు పెట్టె మీది ధరను మాత్రమే చూస్తే మోసపోతారు. ట్యాబ్‌ను కంప్యూటర్‌లా వాడాలంటే కీబోర్డు కవరు, మౌస్, పెన్ను, అదనపు యూఎస్‌బీ రంధ్రాలు ఇచ్చే హబ్ కొనాలి. కంపెనీ కీబోర్డు, పెన్ను చేర్చాక మంచి ట్యాబ్ వెల మధ్యరకం ల్యాప్‌టాప్ వెలకు చేరిపోతుంది. డెస్క్‌టాప్ నెమ్మదించినప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి తీసుకెళ్లి ర్యామ్ పెంచుకోవచ్చు, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవచ్చు. ట్యాబ్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, బ్యాటరీ మార్చాలన్నా తెర ఊడదీయాలి. మరోపక్క కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ కన్నా రాత్రి ఛార్జింగ్ పెడితే పగలంతా నడిచే ట్యాబ్ నయం.

వీటన్నిటినీ బట్టి చూస్తే, చూడటం, వినడం, చదవడం, మాట్లాడటం, చెల్లింపులు చేయడం వరకే పరిమితమైన ఇంట్లో ట్యాబ్ కంప్యూటర్ స్థానాన్ని నిక్షేపంగా తీసుకోగలదు. ఇంటర్ పూర్తిచేసి ఇంజినీరింగ్‌లోనో, కామర్స్‌లోనో చేరబోయే పిల్లలున్నా, సొంత వ్యాపారం లెక్కలున్నా, తెలుగులో ఎక్కువగా రాసే పని ఉన్నా ఒకే ఒక్క పరికరానికి డబ్బున్నప్పుడు కొనవలసింది ల్యాప్‌టాప్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా సాయం 2025 అక్టోబరు 14తో ముగిసినందున, ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవారు దానిని తీసేసి ట్యాబ్ కొనాలా అని ఆలోచిస్తుంటే, ముందు అది విండోస్ 11కు పనికొస్తుందో లేదో చూపించుకొని, పనికిరాకపోతే ఉచితంగా దొరికే లినక్స్ వేయించి ఒక నెల వాడి చూసి, ఆ తర్వాతనే కొత్తదాని సంగతి తేల్చుకోవడం మంచిది.