నాడిని నిలిపిపట్టిన యంత్రము

నాడీకణమును కప్పియున్న పలుచని క్రొవ్వుపొరకు లోపల పొటాషియం అయానులు మెండు, వెలుపల సోడియం అయానులు మెండు. ఈ వ్యత్యాసమును నిలుపునది పొరలో నాటుకొని యుండు ఒక పంపు. అది శక్తిని వ్యయపఱచి, మూడు సోడియం అయానులను వెలికి త్రోసిన ప్రతిసారియు రెండు పొటాషియం అయానులను లోనికి దెచ్చును. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కో 1957లో పీతల నాడులయందు దీని జాడ పట్టెను. పంపు నెమ్మదిగా కూడబెట్టిన ఈ ధనమును రెప్పపాటులో వెచ్చపెట్టు ద్వారములు వేఱుగా గలవు; వాని ధర్మమును, అవి కంటబడుటకు ఎంతో ముందుగానే, బయలుపెట్టిన పరికరము వోల్టేజి క్లాంపు.

దాని కథ స్క్విడ్డు అను సముద్రప్రాణితో మొదలగును. శత్రువును జూచి నీటిని చిమ్ముచు వెనుకకు దూసికొనిపోవుటకై ఈ ప్రాణికి దారమంత లావైన నాడీతంతువు అమరియున్నదని 1936లో జె. జెడ్. యంగ్ చాటెను. తప్పించుకొనుటకు ప్రకృతి యిచ్చిన సాధనమే దానిని ప్రయోగశాల బల్లమీదికి ఈడ్చుకొనివచ్చుట దైవోపహతి గాక మఱేమి! 1939 ఆగస్టులో ఇంగ్లండునందలి ప్లిమత్ రేవున, పాతికేండ్ల హాడ్జ్‌కిన్, ఇరువదియొక్క యేండ్ల హక్స్‌లీ అను శాస్త్రజ్ఞులు ఆ తంతువులోనికి సన్నని ఎలక్ట్రోడును చొప్పించి, నాడీప్రేరణవేళ దాని లోపలి వోల్టేజి, అంతకుముందటి బెర్న్‌స్టీన్ సిద్ధాంతము చెప్పినట్లు శూన్యముకడ నాగక, సుమారు 40 మిల్లీవోల్టుల ధనస్థితికి ఎగబ్రాకుటను గాంచిరి. కొలది వారములకే యుద్ధము వచ్చిపడెను. హాడ్జ్‌కిన్ రాడార్ పనికి పోయెను.

యుద్ధానంతరము ఎదురైన చిక్కు అచ్చముగా బీజాంకురన్యాయమే. వోల్టేజి మాఱినగాని ద్వారములు తెఱచుకొనవు. ద్వారములు తెఱచుకొన్నంతనే వోల్టేజి మరల మాఱును. ఇందు ఏది కారణమో ఏది కార్యమో విడదీయుట యెట్లు? 1947 ప్రాంతమున అమెరికాలో కోల్, మార్మాంట్ అనువారు కల్పించిన ఉపాయమగు వోల్టేజి క్లాంపు ఈ చక్రమును తెగగొట్టెను. తంతువు లోపల నొక తీగ వోల్టేజిని కొలుచుచుండగా, మనము విధించిన అంకెనుండి అది ఏమాత్రము తొలగినను, ఆంప్లిఫయరు తత్‌క్షణమే వేఱొక తీగద్వారా ప్రతికూల విద్యుత్తును పంపి సరిదిద్దును. అట్లు పంపవలసివచ్చిన విద్యుత్తెంతయో, పొరగుండ దాటిన అయానుల ప్రవాహమును అంతయే. దొంగను పట్టుటకు బదులు, పోయిన సొమ్మును ఎప్పటికప్పుడు పూరించుచు ఎంత పోయినదో లెక్కవ్రాసికొను తెలివి యిది!

సహపరిశోధకుడు కాట్జ్‌తో గూడి హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు ఈ యంత్రమును మెఱుగుపఱచి, 1949లో ప్లిమత్ నందే ప్రయోగములు సాగించిరి. సముద్రజలములోని సోడియంకు మాఱుగా కోలీన్ లవణమును చేర్చగా మొదటి లోనిప్రవాహము మాయమయ్యెను. తరువాతి వెలిప్రవాహము మాత్రము నిలిచెను. కాబట్టి మొదటిది సోడియంది, రెండవది పొటాషియంది. సోడియం దారి చటుక్కున తెఱచుకొని, వోల్టేజి నిలుకడగా నున్నను కొలది మిల్లీసెకనులలో తనంత తానే మూసికొనును. పొటాషియం దారి మెల్లగా తెఱచుకొని, అట్లే యుండును.

ఈ ప్రవాహములకు సమీకరణములు కట్టిన పిదప, వానినుండి నాడీప్రేరణ నిజముగా పుట్టునా యని చూడవలసియుండగా, కేంబ్రిడ్జిలోని కంప్యూటరు ఆఱునెలలపాటు పనికిరాకుండెను. హక్స్‌లీ బ్రన్స్‌విగా అను చేతిపిడి గణనయంత్రమును త్రిప్పుచు కూర్చుండెను. తంతువు పొడుగున పరుగెత్తు ఒక్క ప్రేరణను లెక్కగట్టుటకు మూడు వారములు పట్టెను. లెక్కకు వచ్చిన వేగము సెకనుకు 18.8 మీటర్లు, తంతువునందు కొలిచినది 21.2. నా దృష్టిలో జీవశాస్త్రమున గణితమునకు ఇంతకంటె గొప్ప పరీక్ష అరుదు. 1952లో ఆ వ్యాసములు వెలువడెను. 1963లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకు, ఎక్లిస్ అను మఱియొక శాస్త్రజ్ఞునితో కలిపి, నోబెల్ బహుమానము లభించెను.

ద్వారములు ఒక్కొక్కటిగా తెఱచుకొని మూసికొనుట 1976లోగాని కానరాలేదు. జర్మనీలో నేహర్, సాక్‌మన్ కప్ప కండరముపై సన్నని గాజుగొట్టపు కొనను ఆనించి, ఒక్కొక్క ద్వారము తెఱచుకొన్నపుడు మెట్టువలె లేచి, మూసికొన్నపుడు మెట్టువలె దిగు విద్యుత్తును చూపిరి. గొట్టము సన్నగిల్లినను పద్ధతి మాత్రము పాతదియే: వోల్టేజిని బిగబట్టుట, కారినదానిని కొలుచుట.