ఎల్ల దాటిన బాలలు

చరిత్ర గ్రంథములలో రాజుల పేరులు, ఒడంబడికలు, తేదీలు కనబడును. ఆ దినములలో పదేండ్ల బాలిక యొకతె ఏ మూట చంకబెట్టుకొని ఇల్లు వెడలెనో వానిలో కానరాదు. ఆ కొరతను తీర్చునదియే చారిత్రక కథ.

అట్టి కథకు తగిన స్థలమొకటి తిరువూరు. నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనున్న ఈ ఊరు 1947లో మదరాసు రాష్ట్రమునందలి కృష్ణాజిల్లాలో ఉండెను. దీనికి సమీపముననే నైజాము రాజ్యపు ఎల్ల కలదు. ఎల్లకు ఇరువైపులను తెలుగువారే. ఏలుబడులు మాత్రము వేరు.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమయ్యెను. నిజాము తన రాజ్యమును అందు చేర్పలేదు. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు గ్రామములపై బడి దోచిరి. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పెక్కుమందిని చంపిరి. ప్రాణభీతిచే ఎన్నియో కుటుంబములు ఎల్ల దాటి కృష్ణాజిల్లాకు వలసవచ్చెను. సెప్టెంబరు 13న భారతసేనలు నైజాములో ప్రవేశించెను; 17న నిజాము లొంగిపోయెను. దీనినే పోలీసుచర్య యందురు.

ఇంతవరకు చరిత్ర. ఇక కథ యెట్లు పుట్టునో చూడుడు. తిరువూరు చేరిన ఒక బాలికను ఊహింపుడు. ఆమె గుప్పిటిలో నైజాము హాలీ రూపాయి యొకటి కలదు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానము. అంగడివాడు దానిని త్రిప్పి చూచి, “ఇది హాలీ రూపాయి తల్లీ! దీనికి పూర్తి వెల రాదు” అనును. ఆమె అన్న నైజాము బడిలో ఉర్దూలో లెక్కలు నేర్చినవాడు. ఇచటి బడిలో ఉపాధ్యాయుడు తెలుగులోనే అడిగినను, ఆ లెక్కల మాటలు వానికి క్రొత్తవి. తన భాష మాటాడు ఊరిలోనే తాను పరాయివాడయ్యెను!

ఈ పిల్లలు కల్పితులు. హాలీ రూపాయి, ఉర్దూ చదువు, ఆ తేదీలు సత్యములు. పాత్రలను, వారి మనోభావములను కల్పింపవచ్చును, జరిగినదానిని మార్పరాదు. ఇది మొదటి నియమము.

రెండవది న్యాయము. రజాకారులను ఖండించి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హత్యగావింపబడిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. పోలీసుచర్య పిమ్మట కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములు పెక్కురు చంపబడిరి. అనేకులు ఇండ్లు విడిచి పారిపోయిరి. వారి పిల్లలును శరణార్థులే. ఒక బాలుని కన్నీటిని చూపి, వేరొకని కన్నీటిని దాచు కథ మంచి కథ కాజాలదు.

తొమ్మిదవ యేట, 1933లో, హిట్లరు పాలనకు వెరచి కుటుంబముతో జర్మనీ విడిచిన జూడిత్ కెర్, 1971లో ఆ బాల్యమునే పిల్లల నవలగా వ్రాసెను. మన ఎల్లను దాటిన బాలల కథలు పెక్కు ఇంకను కాగితమెక్కలేదు. నాటి ఎనిమిదేండ్ల పిల్లలు నేడు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు. మీ యింట గాని, మీ వీథిని గాని అట్టి తాతయో అవ్వయో ఉన్నచో, వారి చెంత కూర్చుండి, “ఆనాడు మీరేమి వెంట తెచ్చుకొంటిరి? ఏమి విడిచి వచ్చితిరి?” అని అడుగుడు. వారు చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొనుడు. ఆలస్యమైనచో అడుగుటకు వారుండరు.